టెలిస్కోప్ గురిలో గాలి వాటా

బెంగళూరు దగ్గరి బ్యాలాలులో ఇస్రో నెలకొల్పిన 32 మీటర్ల ఆంటెన్నా 2008లో చంద్రయాన్-1 కోసం పనిలోకి దిగింది. దాని రూపకల్పనలో, నిర్మాణంలో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌ది ప్రధాన పాత్ర. వాడుక వ్యోమనౌకలతో మాట్లాడడానికే అయినా, నిర్మాణం చూస్తే అది రేడియో టెలిస్కోపే: పెద్ద పళ్లెం, దాన్ని రెండు అక్షాల మీద తిప్పే యంత్రాంగం, ఎటు చూడాలో లెక్కగట్టే కంప్యూటర్.

ఒక వ్యోమనౌక క్షితిజం దాటి పైకి లేచి 10 డిగ్రీల ఎత్తుకు వచ్చిందనుకుందాం. కక్ష్య లెక్కలో తప్పు లేదు, గడియారంలో తప్పు లేదు, అక్షాలు సరిగ్గా ఉన్నాయి. అయినా పళ్లాన్ని కచ్చితంగా 10 డిగ్రీలకు తిప్పితే సంకేతం దాదాపు అందదు. 8.4 గిగాహెర్ట్జ్ దగ్గర 32 మీటర్ల పళ్లెం చూపు వెడల్పు, అంటే బీమ్, సుమారు 4.6 ఆర్క్ నిమిషాలు. (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను.) సంకేతం మాత్రం లెక్కించిన దిశకు 5 నుంచి 6.6 ఆర్క్ నిమిషాలు పైనుంచి వస్తోంది. బీమ్ పూర్తిగా దాని కిందకు పోయింది.

దిశను మార్చింది గాలి. ఎంత మార్చిందన్నది ఆ రోజు గాలిలో ఎంత తేమ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. టెలిస్కోప్ గురి తప్పడానికి చాలా కారణాలుంటాయి. వాటిలో దాదాపు అన్నీ యంత్రానివి, ఇది ఒక్కటే వాతావరణానిది. ఈ తేడాను మరిచి అన్నిటినీ ఒకే సవరణ పట్టికలో కలిపేయడం వల్ల వచ్చే చిక్కులే ఈ వ్యాసానికి కారణం.

వక్రీభవనం బడిలో చదువుకున్నదే. శూన్యం నుంచి గాలిలోకి వచ్చే తరంగం కాస్త నెమ్మదిస్తుంది, వంగుతుంది. పైన పలుచగా, కింద చిక్కగా ఉన్న గాలిలో ఈ వంపు కొద్దికొద్దిగా, దారి పొడవునా జరుగుతుంది. చివరికి నేలకు చేరిన తరంగం అసలు దిశకన్నా ఎత్తు నుంచి వచ్చినట్టుంటుంది. సూర్యుడి అంచు క్షితిజాన్ని తాకుతూ కనిపించే వేళకు అతడు నిజానికి పూర్తిగా కిందికి దిగిపోయి ఉంటాడు. కంటి వెలుగుకు క్షితిజం దగ్గర వంపు సుమారు 34 ఆర్క్ నిమిషాలు, సూర్యబింబం వెడల్పుకన్నా ఎక్కువ.

ఈ వంపు లెక్కకు పైనున్న ప్రతి పొర సాంద్రతా తెలియాలేమో అనిపిస్తుంది. ఇక్కడే ప్రకృతి మనకు గొప్ప వెసులుబాటు ఇచ్చింది. గాలిని నేలకు సమాంతరంగా ఉన్న పలుచని పొరలుగా ఊహించుకోండి. ప్రతి హద్దు దగ్గరా స్నెల్ నియమం వర్తిస్తుంది: వక్రీభవన గుణకాన్ని, నడినెత్తి నుంచి కొలిచిన కోణపు సైనుతో గుణిస్తే హద్దుకు ఇరువైపులా అదే విలువ. మొదటి హద్దు నుంచి చివరి హద్దు దాకా ఈ గొలుసు రాసుకుంటూ వస్తే మధ్య పొరలన్నీ కొట్టుకుపోతాయి. మిగిలేవి రెండే: పైన శూన్యం, కింద టెలిస్కోప్ పక్కనున్న గాలి. అందుకే ఆవరణమంతా కొలవనక్కర్లేదు. పళ్లెం పక్కన ఒక బారోమీటరు, ఒక థర్మామీటరు, ఒక తేమ కొలిచే పరికరం ఉంటే చాలావరకు సరిపోతుంది.

నేల దగ్గర గాలి వక్రీభవన గుణకం దాదాపు 1.0003. ఒకటికి మించిన ఆ 0.0003ను నడినెత్తి కోణపు టాంజెంటుతో గుణిస్తే వంపు రేడియన్లలో వస్తుంది. 0.0003 రేడియన్లంటే 62 ఆర్క్ సెకన్లు. అంటే 45 డిగ్రీల ఎత్తున వంపు సుమారు ఒక ఆర్క్ నిమిషం, నడినెత్తిన సున్నా, కిందికి దిగేకొద్దీ వేగంగా ఎక్కువ. ఈ సవరణ ఊర్ధ్వకోణానికే (క్షితిజం నుంచి ఎంత ఎత్తు అన్నదానికే), దిగంశానికి (ఏ దిక్కు అన్నదానికి) అక్కర్లేదు. లెక్కించిన ఊర్ధ్వకోణానికి దీన్ని కలపాలి, తీసేయకూడదు.

ఇంతవరకు కంటి వెలుగుకూ రేడియోకూ కథ ఒకటే. నీటి ఆవిరి దగ్గర దారులు వేరవుతాయి. నీటి అణువులో ధనావేశం ఒక వైపుకు, రుణావేశం మరో వైపుకు ఒరిగి ఉంటాయి. రేడియో తరంగపు విద్యుత్ క్షేత్రం ఊగుతుంటే అణువు దానికి అనుగుణంగా తిరగడానికి ప్రయత్నిస్తుంది, తరంగం నెమ్మదిస్తుంది. వెలుగు ఊపు అంతకన్నా ఎన్నో వేల రెట్లు వేగం. దాంతో కలిసి తిరిగేంత వ్యవధి అణువుకు ఉండదు. అందుకే నీటి ఆవిరి రేడియోను వంచినంతగా వెలుగును వంచదు. తేడా ఇరవై రెట్ల స్థాయిలో ఉంటుంది. కంటితో చూసే టెలిస్కోపులకు తేమ ఒక చిన్న దిద్దుబాటు, రేడియో టెలిస్కోపులకు అది ప్రధాన విషయం.

దీన్ని లెక్కగట్టడానికి 1953లో స్మిత్, వైన్‌ట్రాబ్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. వక్రీభవన గుణకంలో ఒకటికి మించిన భాగాన్ని పది లక్షలతో గుణించి 'ఎన్' అంటారు. ఆ ఎన్‌లో రెండు భాగాలు. మొదటిది పీడనాన్ని ఉష్ణోగ్రతతో భాగించి 77.6తో గుణిస్తే వచ్చేది. రెండోది నీటి ఆవిరి పీడనాన్ని ఉష్ణోగ్రత వర్గంతో భాగించి 3,73,000తో గుణిస్తే వచ్చేది. పీడనాలు హెక్టోపాస్కల్‌లో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో.

బ్యాలాలు ఎత్తుకు తగ్గట్టు పీడనం 915 హెక్టోపాస్కల్ అనుకుని రెండు రోజులకు లెక్క వేద్దాం. మార్చి మధ్యాహ్నం, 34 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష ఆర్ద్రత 15 శాతం: మొదటి భాగం 231, రెండోది 32, మొత్తం 263. వానాకాలపు ఉదయం, 22 డిగ్రీలు, 95 శాతం ఆర్ద్రత: మొదటి భాగం 241, రెండోది 107, మొత్తం 348. మొదటి భాగం పదికి మించి కదల్లేదు. తేమ భాగం మూడు రెట్లకు పైగా పెరిగింది. 10 డిగ్రీల ఎత్తున మొదటి రోజు వంపు సుమారు 5 ఆర్క్ నిమిషాలు, రెండో రోజు 6.6. మధ్య తేడా వంద ఆర్క్ సెకన్లకు కాస్త తక్కువ. 4.6 ఆర్క్ నిమిషాల బీమ్ అంత పక్కకు జరిగితే సంకేతంలో 30 శాతం పోతుంది. కోట్ల కిలోమీటర్ల నుంచి వచ్చే బలహీనమైన సంకేతంలో అది చిన్న నష్టం కాదు.

పరికరాల మీద పెట్టే ఖర్చు విషయంలోనూ ఇదే లెక్క దారి చూపుతుంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ తప్పు చదివితే 10 డిగ్రీల దగ్గర కూడా తేడా అర ఆర్క్ సెకనుకు మించదు. ఆ వానాకాలపు ఉదయాన ఆర్ద్రతను 5 శాతం తప్పు చదివితే ఆరేడు ఆర్క్ సెకన్లు. నా ఉద్దేశంలో మంచి బారోమీటరు కొని చవక తేమ సెన్సరు పెట్టడం తలకిందులు పని. తేమ సెన్సర్లు కాలం గడిచేకొద్దీ దారి తప్పుతాయి కూడా. వాటిని క్రమం తప్పకుండా సరిచూడాలి, ఎండ తగిలే గోడల పక్కన, యంత్రాల వేడిగాలి తగిలేచోట పెట్టకూడదు.

సమాంతర పొరల లెక్క 20 డిగ్రీల పైన హాయిగా పనిచేస్తుంది. కిందికి వస్తే భూమి గుండ్రదనం అడ్డొస్తుంది. పొరలు నిజానికి వంగి ఉన్నాయి కాబట్టి వంపు కొంత తగ్గుతుంది. అందుకు టాంజెంట్ ఘనంతో ఒక రెండో పదాన్ని కలుపుతారు. 10 డిగ్రీల దగ్గర అది పది ఆర్క్ సెకన్ల స్థాయి. ఆ పదం విలువ గాలి ఎంత ఎత్తు దాకా పరుచుకుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొడి గాలి చిక్కదనం దాదాపు 8 కిలోమీటర్లకు మూడో వంతుకు పడిపోతే, నీటి ఆవిరి రెండు కిలోమీటర్లకే అంత తగ్గుతుంది. 5 డిగ్రీల కిందికి దిగితే నేల దగ్గరి కొలతలు ఒక్కటే చాలవు. రాత్రి పూట నేల చల్లబడి పైన వెచ్చని పొర నిలిచినప్పుడు సూత్రాలు బాగా తప్పుతాయి. ఆ ఎత్తున కచ్చితమైన పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఇంకో చిన్న మెలిక ఉంది. సూత్రంలో వేయాల్సింది కనిపించే కోణం, మన దగ్గరున్నది అసలు కోణం. 10 డిగ్రీల దగ్గర ఒకదాని బదులు మరొకటి వేస్తే నాలుగు ఆర్క్ సెకన్ల తేడా వస్తుంది. వచ్చిన వంపును కలిపి మళ్లీ ఒకసారి లెక్క వేస్తే అది తీరిపోతుంది.

ఎవరికి ఇది ఎంత ముఖ్యమన్నది బీమ్ వెడల్పు తేలుస్తుంది. పుణెకు ఉత్తరాన ఖోడద్ దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల పళ్లేలు 30 ఉన్నాయి. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో పళ్లెం చూపు ఇరవై ఆర్క్ నిమిషాల పైమాటే. 20 డిగ్రీల ఎత్తున మూడు ఆర్క్ నిమిషాల వంపు వాటిని పెద్దగా ఇబ్బంది పెట్టదు, అయినా సవరిస్తే మంచిదే. అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోప్ సంగతి వేరు. 100 మీటర్ల ఆ పళ్లెం 100 గిగాహెర్ట్జ్ దగ్గర ఏడున్నర ఆర్క్ సెకన్ల వెడల్పునే చూస్తుంది. దానికి వంపు మొత్తం సరే, వంపులో వచ్చే చిన్న పొరపాటు కూడా ప్రాణాంతకమే. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపుకు గాలి సగమే, తేమ ఇంకా తక్కువ. అక్కడ ఎన్ విలువ 160 చుట్టూ ఉంటుంది. ఊటీ రేడియో టెలిస్కోప్‌ది మరో లెక్క. గోవింద్ స్వరూప్ దాన్ని భూ అక్షానికి సమాంతరంగా ఉండేలా కొండవాలు మీద కట్టించారు. అందుకే నిట్టనిలువు వంపును అక్కడ కాలకోణం (భూ అక్షం చుట్టూ కొలిచే కోణం), క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి కొలిచే కోణం) అనే రెండు దిశల్లోకి విడదీసి పంచాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏ టెలిస్కోపూ చెప్పిన చోటికి కచ్చితంగా చూడదు. నిలువు అక్షం కాస్త వంగి ఉంటుంది, కోణం చదివే ఎన్‌కోడర్ సున్నా కొంచెం పక్కకు ఉంటుంది, రెండు అక్షాల మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు కాదు, పళ్లెం తన బరువుకు తాను కుంగుతుంది. స్థానం కచ్చితంగా తెలిసిన మూలాలను, అంటే రేడియో తరంగాలు వెలువరించే ఖగోళ వస్తువులను, ఆకాశమంతటా చూసి, ప్రతిచోటా ఎంత తప్పిందో కొలిచి, ఈ దోషాల విలువలను రాబడతారు. ఆ పట్టికను గురి నమూనా అనుకుందాం. యంత్రం మారనంతకాలం అది మారకూడదు. దాని విలువంతా ఆ నిలకడలోనే ఉంది.

చిక్కు ఏమిటంటే, బరువుకు కుంగే దోషం ఊర్ధ్వకోణపు కొసైను ప్రకారం నడుస్తుంది, గాలి వంపు దాని కొటాంజెంటు (ఇదివరకు చెప్పిన నడినెత్తి కోణపు టాంజెంటే ఇది) ప్రకారం నడుస్తుంది. 30 నుంచి 70 డిగ్రీల మధ్య కొలిచిన కొద్దిపాటి బిందువుల్లో ఈ రెండు వక్రాలూ ఒకేలా కనిపిస్తాయి. గాలి సవరణలో తేమను వదిలేసినా, స్థిరమైన ఒక అంకె వేసినా, ఆ లోపాన్ని గణితం చడీచప్పుడు లేకుండా కుంగుబాటు ఖాతాలోకి తోసేస్తుంది. నమూనా చక్కగా సరిపోయినట్టే కనిపిస్తుంది, మిగిలిన దోషాలు చిన్నగా ఉంటాయి, అందరూ సంతృప్తి పడతారు. మార్చిలో కట్టిన ఆ నమూనా జులైలో తప్పుతుంది. కుంగుబాటు విలువ మారిందని తేలుతుంది, అనుమానం ఉక్కు మీదికి, బేరింగుల మీదికి పోతుంది. నిజానికి ఉక్కు కదల్లేదు. నమూనాలో ఇమిడిపోయిన మార్చి నెల గాలి మారింది.

అందుకే వరుస ముఖ్యం. ప్రతి కొలతకూ ఆ క్షణపు పీడనం, ఉష్ణోగ్రత, తేమ నమోదు చేయాలి. వాటి నుంచి గాలి వంపును సూత్రంతో లెక్కగట్టి ముందే తీసేయాలి. మిగిలినదాన్ని మాత్రమే యంత్రానికి ఆపాదించాలి. వంపును బిందువుల నుంచి రాబట్టే గుణకంగా వదిలేయకూడదు. సరిచూసుకోవాలనుకుంటే, అన్నీ అయ్యాక మిగిలిన దోషాల్లో కొటాంజెంటు ఆకారం ఇంకా ఉందేమో చూడాలి. ఉంటే అది తేమ సెన్సరు గురించో, పీడనం అంకె గురించో చెబుతుంది. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలిస్తే ఈ పరీక్షకు నిజమైన బలం వస్తుంది. రెండు కాలాల్లోనూ కుంగుబాటు విలువ ఒకటే వచ్చిందంటే గాలినీ యంత్రాన్నీ విడదీశామని ధీమాగా చెప్పవచ్చు.

పళ్లేలను కలిపి ఒకే టెలిస్కోపుగా వాడే చోట ఇంకో తికమక ఎదురవుతుంది. పళ్లేన్ని తిప్పాల్సింది వంగిన దిశకు. రెండు పళ్లేలకు తరంగం చేరే సమయంలోని తేడాను లెక్కగట్టాల్సింది మాత్రం శూన్యంలోని అసలు దిశతో. సమాంతర పొరల గాలిలో తరంగం వంగినా, అదే నిష్పత్తిలో నెమ్మదిస్తుంది. స్నెల్ నియమం వల్ల ఆ రెండూ కచ్చితంగా సరిపోయి, సమయంలోని తేడా గాలి లేనప్పటిలాగే ఉంటుంది. వంపు సవరణను సమయానికి కూడా వర్తింపజేస్తే లేని దోషాన్ని కొత్తగా సృష్టించినట్టే. ఖండాల దూరంలో ఉన్న టెలిస్కోపులకు ఈ వెసులుబాటు లేదు. ఒక్కోదాని పైన వేరే గాలి ఉంటుంది. సముద్ర మట్టాన నడినెత్తి దిశలో పొడి గాలి ఒక్కటే దారిని సుమారు 2.3 మీటర్లు పొడిగించినట్టు ఆలస్యం చేస్తుంది. దాన్ని ప్రతి చోటా విడిగా లెక్కించాలి.

మీటరు స్థాయి తరంగదైర్ఘ్యాల దగ్గర పైనున్న ఐనో ఆవరణం, అంటే విద్యుదావేశ కణాలున్న పై పొర, కూడా దిశను కదుపుతుంది. దాని ప్రభావం పౌనఃపున్యపు వర్గానికి విలోమంగా ఉంటుంది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్క్ నిమిషాల స్థాయికి చేరే ఈ జరుగుబాటు 10 గిగాహెర్ట్జ్ దగ్గర లెక్కలోకే రాదు. నేల దగ్గరి వాతావరణ కొలతలకూ దానికీ సంబంధం లేదు కాబట్టి, ఆ సవరణ వేరే దారిలో చేయాలి.

ఈ లెక్కలు సొంతంగా రాయక్కర్లేదు, సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు నమ్మదగినవే. తప్పులన్నీ వాటికి ఇచ్చే విలువల్లో దొర్లుతాయి. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య నడిపే సోఫా సంకలనంలోని ప్రోగ్రాము, తరంగదైర్ఘ్యం 100 మైక్రోమీటర్లు దాటితేనే రేడియో సూత్రం వాడుతుంది. సెంటీమీటర్ల అంకెను పొరపాటున అలాగే ఇచ్చేస్తే వెలుగు సూత్రం పనిచేసి తేమ దాదాపు మాయమవుతుంది. ఆర్ద్రతను సున్నా నుంచి ఒకటి వరకు అడుగుతుంది. 60 శాతానికి 60 అని ఇస్తే దాన్ని ఒకటికి కుదించుకుని, అభ్యంతరం చెప్పకుండా, నూరు శాతం తేమకు జవాబిస్తుంది. ఆస్ట్రోపై అనే పైథాన్ ఖగోళ ప్రోగ్రాముల సంకలనంలో పీడనం చెప్పకపోతే సున్నాగా తీసుకుంటుంది, అంటే గాలి వంపే లేనట్టు. వాతావరణ శాఖ ప్రకటించే పీడనం చాలాసార్లు సముద్ర మట్టానికి మార్చి చెప్పినది. 915 ఉండాల్సిన చోట 1,013 వేస్తే 10 డిగ్రీల దగ్గర 30 ఆర్క్ సెకన్లు తప్పుతుంది. వేయాల్సింది పళ్లెం ఉన్న చోట బారోమీటరు చూపే పీడనమే.

ఇవన్నీ సరిగ్గా చేసినా లొంగని భాగం ఒకటి మిగులుతుంది. గాలిలో తేమ సమంగా కలిసి ఉండదు. తడి గాలి ముద్ద ఒకటి పళ్లేనికి ఎదురుగా సాగిపోతే, దాని ఒక అంచు వైపు తరంగం కాస్త ఎక్కువ ఆలస్యమవుతుంది, మూలం ఆకాశంలో పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది, ముద్ద దాటిపోయాక తిరిగి చోటికి వస్తుంది. 1980ల్లో జర్మనీ, స్పెయిన్‌లలోని పెద్ద పళ్లేలతో పనిచేసినవారు దీన్ని స్పష్టంగా నమోదు చేశారు. 30 మీటర్ల పళ్లెంలో ఒక అంచు నుంచి రెండో అంచుకు దారిలో ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా వస్తే చాలు, దిశ పది ఆర్క్ సెకన్లు కదులుతుంది. అందుకు కావలసిన తేమ తేడా, ద్రవంగా కొలిస్తే, పావు మిల్లీమీటరు నీరు కూడా కాదు. నేల మీది ఏ సెన్సరూ దీన్ని పట్టలేదు. ఆల్మాలో 12 మీటర్ల పళ్లేలు ఒక్కోదానికీ 183 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరిని కొలిచే రేడియోమీటరు ఉంది. కానీ అది చూసేది ఒకే దారిలోని మొత్తం తేమను, పళ్లెం అంచుల మధ్య తేడాను కాదు. అలాంటి వాతావరణంలో లక్ష్యానికి దగ్గరగా ఉన్న ప్రకాశవంతమైన మూలాన్ని తరచూ చూసి గురిని సరిచేసుకోవాలి, కొలతలను చాలాసార్లు తీసి సగటు కట్టాలి. అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు బీమ్ వెడల్పుగా ఉండే పొడవైన తరంగదైర్ఘ్యానికి మారి, మిల్లీమీటర్ల పనిని పొడి గాలి వచ్చేదాకా ఆపాలి.